బస్సు కవర్లో వెళ్లిన ఫోటో

పాత పట్టాదారు పాసుపుస్తకం మీది ఫోటో ఊడదీయాలంటే తొందర పనికిరాదు. గోటితో ఒక మూల లేపి, వేలు తడిపి ఆ సందులో రాసి, రెండు నిమిషాలు ఆగాలి. జిగురు మెత్తబడ్డాక మెల్లగా లాగితే ముఖం చిరగకుండా వస్తుంది. అయితే ఎమ్మార్వో ఆఫీసు గుండ్రటి ముద్ర సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడి ఉంటుంది. ఆ సగం ముద్ర ఫోటోతో పాటే వచ్చేస్తుంది. మిగిలిన సగం ఆ ఇంటివాళ్లకు ఎందుకు పనికొస్తుందో అప్పట్లో నేనెప్పుడూ ఆలోచించలేదు.

1997 నుంచి పద్నాలుగేళ్లు వరంగల్ జిల్లాలో, నర్సంపేట వైపు ఒక మండలానికి విలేకరిగా పనిచేశాను. పత్రిక పేరు ఇక్కడ అక్కరలేదు. ఊళ్లో విలేకరి అనేవాళ్లు, పిల్లలు పేపరు సారు అనేవాళ్లు, పత్రిక లెక్కల్లో మాత్రం కంట్రిబ్యూటర్‌ని. అంటే గుర్తింపు కార్డు ఉంటుంది, జీతం ఉండదు.

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. అంతకుముందు మా మండలం పేరు పేపర్లో రావాలంటే బస్సు బోల్తా పడాలి. మినీ అని పిలిచే ఆ అనుబంధాలు వచ్చాక చేతిపంపు చెడిపోయినా వార్తే, సర్పంచి కొబ్బరికాయ కొట్టినా వార్తే. ఆ పేజీలు రోజూ నిండాలంటే మండలానికొక మనిషి కావాలి. డిగ్రీ చదివి ట్యూషన్లు చెప్పుకుంటున్న నాలాంటివాళ్లు దొరికారు. పరీక్ష పెట్టలేదు, శిక్షణ ఇవ్వలేదు. "చేతిరాత బాగుందా, మోటారు సైకిల్ ఉందా" అని అడిగారు. చేతిరాత ఉంది. మోటారు సైకిల్ బావమరిదిది.

నెలాఖరున అచ్చయిన వార్తలన్నీ కత్తిరించి, తెల్ల కాగితాలకు అంటించి, స్కేలు పెట్టి కొలిచి, జిల్లా ఆఫీసుకు పంపాలి. సెంటీమీటరుకు ఇంతని లెక్క. నెలకు మూడొందలు దాటితే ఆ నెల బాగా గడిచినట్టు. రైతు ఆత్మహత్య ఫోటో లేకుండా నాలుగు సెంటీమీటర్లు, ఫోటోతో తొమ్మిది. ఒక మనిషి చావును స్కేలుతో కొలిచావా అంటే వినడానికి బాగుండదు గానీ, కొలిచిన మాట నిజం.

నేను చేరిన ఏడాదే పత్తికి లద్దె పురుగు పడింది. 1997-98 సీజన్ ఎట్లాంటిదో వరంగల్ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. కొట్టిన మందు కొడుతూనే ఉన్నారు, పురుగు చావలేదు, మనుషులు చచ్చారు. పొద్దున్నే డెస్కుకు ఫోన్ చేసి ఫలానా ఊళ్లో ఒకరు అంటే చాలు, అటునుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: ఫోటో ఉందా? పేరు, వయసు, ఎన్ని ఎకరాలు, ఎంత అప్పు, ఇవన్నీ ఆ తర్వాత. నేనూ అదే వరుస నేర్చుకున్నాను. ఏడుస్తున్న ఇంటికి వెళ్లి అందరికంటే తక్కువ ఏడుస్తున్న మనిషిని వెతకాలి, సాధారణంగా మరిదో, మేనల్లుడో అయి ఉంటాడు. పక్కకు పిలిచి వివరాలు రాసుకుని, చివర్లో ఫోటో అడగాలి. అప్పుడు ఊళ్లలో ఫోటోలెక్కడివి? పెళ్లప్పుడు ఒకటి, రేషన్ కార్డుకు ఒకటి, పాసుపుస్తకానికి ఒకటి. "రేపో ఎల్లుండో తిరిగి పంపిస్తానమ్మా" అనేవాణ్ని. అన్న ప్రతిసారీ పంపుదామనే అనుకున్నాను.

ఇక ఆ రోజు. 2004 ఆగస్టు మొదటి వారం. ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. రెండుసార్లు గింజ పెట్టినా మొలక నిలవలేదు. మా మండలంలోనే ఓ చిన్న ఊరు, పేరు చెప్పను. నేను పోయేసరికి శవం ఇంకా రాలేదు, ఎంజీఎంలో పోస్టుమార్టం జరుగుతోంది. ఆయన భార్య అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. ఒళ్లో పసిపిల్ల, ఆ పిల్ల ఆమె మెడలో గుండ్లు పట్టుకుని ఆడుకుంటోంది.

మరిది వచ్చి ఒక పాలిథిన్ సంచి నా ముందు బోర్లించాడు. పాసుపుస్తకం, బ్యాంకు నోటీసు, విత్తనాల ప్యాకెట్ అట్టముక్క, ఇంకా కొన్ని తెల్ల చిట్టీలు. అవి బిల్లులు కావు. బిల్లయితే దుకాణం పేరుంటుంది, లైసెన్సు నంబరుంటుంది. ఇవి నోట్‌బుక్కులోంచి చింపిన కాగితాలు. మోనో రెండు లీటర్లు, యూరియా నాలుగు బస్తాలు అని బాల్‌పెన్నుతో రాసి, పక్కన అంకె, దాని కింద మిత్తి. నూటికి మూడు రూపాయలు, నెలకు. చేతిరాత నాకు తెలిసిందే. మండల కేంద్రంలో బస్టాండు ఎదుట ఎరువుల దుకాణం సేటుది. అన్నీ కూడితే అరవై ఎనిమిది వేలు. నా పుస్తకంలో రాసుకున్నాను.

"ఫోటో ఉన్నదా?"

"పెళ్లిది ఉండె అన్నా. నిరుడు వానకు గోడ ఉరిసి కరాబైంది."

వేలు తడుపుకున్నాను.

మండల కేంద్రానికి వచ్చేసరికి నాలుగున్నర. ఫ్యాక్సు ఎస్టీడీ బూత్‌లో ఉండేది. పేజీకి పది రూపాయలు, రెండో పేజీ అయితే ఇంకో పది. ఆ రోజు మూడు వార్తలున్నాయి. రెండు ఆగస్టు పదిహేను ఏర్పాట్ల మీద, ఒకటి ఇది. మూడింటినీ ఒక్క కాగితం మీద ఇరికించాలి. చిన్నగా రాస్తే ఫ్యాక్సులో అలుక్కుపోతుంది, పెద్దగా రాస్తే రెండో పేజీకి పోతుంది. కాబట్టి మాటలు తీసేస్తూ వచ్చాను. ఆ నాలుగు పంక్తులు ఇప్పటికీ నోటికొచ్చు. అప్పుల బాధ తాళలేక మంగళవారం ఉదయం పత్తి చేను వద్ద మందు తాగి పడిపోయాడు, వరంగల్ ఎంజీఎంకు తరలిస్తుండగా మృతి చెందాడు.

మందు తాగిండు అంటే మా ఊళ్లల్లో ఎవరూ మరోటి అనుకోరు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు కిందికి దిగుతుంది. వినేవాడు నోటి మీద చెయ్యి పెట్టుకుంటాడు. కాగితానికి గొంతు లేదు.

ఫోటోను బ్రౌన్ కవర్లో పెట్టి, పైన న్యూస్ అర్జెంట్ అని రాసి, అయిదుంబావు బస్సు కండక్టరు చేతికిచ్చాను. అది అప్పటి పద్ధతి. బస్టాండులో పత్రికల డబ్బాలుండేవి, కండక్టర్లు కవర్లు అందులో పడేసేవాళ్లు. కండక్టరుకు మనం పెట్టేది ఒక పేపరు, అప్పుడప్పుడు ఓ చాయ్. ఆ కవర్లు పోయిన సందర్భాలు చాలా తక్కువ. ఆర్టీసీ వాళ్ల గురించి ఈ ఒక్క మాట ఎక్కడా ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా.

తెల్లారి హోటల్లో పేపరు తెరిచాను. ముందు ఫోటో చూసుకున్నాను, వచ్చింది. అచ్చు బాగా పడింది. తొమ్మిది సెంటీమీటర్లు. ఆ తర్వాత హెడ్డింగు చదివాను.

మద్యం తాగి రైతు మృతి.

కింద వార్తలో, అతిగా మద్యం సేవించి చేను వద్ద పడిపోయాడని ఉంది. అప్పుల బాధ అన్న మాట లేదు. తాగి చచ్చినవాడికి అప్పుల బాధేమిటని కొట్టేసి ఉంటారు. నా నాలుగు పంక్తుల్ని సాపు చేసి, చదవడానికి ఇంపుగా, వ్యాకరణ దోషం లేకుండా తిప్పి రాశారు. అంత శుభ్రంగా నా వార్త ఏదీ అచ్చు కాలేదు.

చాయ్ చల్లారింది. హోటలాయన "ఏందన్నా, గా ఊరాయన తాగుతడా?" అని అడిగాడు, మామూలుగానే. నేను జవాబు చెప్పేలోపు మరిది వచ్చాడు. సైకిల్ కూడా స్టాండు వేయలేదు, కింద పడేశాడు. చేతిలో పేపరు నాలుగు మడతలు పెట్టి ఉంది.

"అన్నా, గిదేంది?"

ఏం చెప్పాలి? డెస్కు తప్పు అన్నాను. డెస్కంటే ఎవరో అతనికేం తెలుసు?

"సుక్క ముట్టని మనిషన్నా మా అన్న. దినాలకాడ గూడ ముట్టకపోయేది. నిన్న నువ్వే గదా రాసుకపోయింది? పాడె గడుతుంటే ఎవలో పేపర్ సదివిండ్రు. మా వదిన ఇన్నది."

అరిచి ఉంటే బాగుండేది. అతను అరవలేదు. పేపరు నా ముందు బల్ల మీద పెట్టి, నీళ్లు పడి తడిసిన చోట పెట్టానని చూసుకుని, మళ్లీ తీసి పొడి చోట పెట్టి వెళ్లాడు. అన్న ఫోటో ఉంది కదా అందులో.

జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి స్టాఫ్ రిపోర్టర్ ఫోన్ సబ్‌ఎడిటర్‌కు ఇచ్చాడు. కొత్త కుర్రవాడు, రెండు నెలల క్రితం చేరాడు. "మందు తాగి అని మీరే రాశారు కదండీ. పురుగుల మందు అని రాస్తే ఏం పోయేది?" అన్నాడు. పది రూపాయలు పోయేవి. ఆ మాట ఫోన్‌లో అనలేకపోయాను. అతను మాత్రం తప్పు దిద్దుదామనే అన్నాడు. చివరికి మూడో రోజు మార్కెట్ ధరల పక్కన, సవరణ అన్న మాట కింద రెండు ముక్కలు వచ్చాయి. ఫలానా తేదీ వార్తలో పురుగుల మందుకు బదులు మద్యం అని పొరపాటున ప్రచురితమైందని. ఎవరి పొరపాటో లేదు. చనిపోయిన మనిషి పేరు కూడా లేదు, ఊరి పేరు మాత్రమే ఉంది.

ఆ మూల చదివిన మనిషి మా మండలంలో నాకు ఒక్కడూ తగల్లేదు. ఆ హెడ్డింగు చదవని మనిషీ తగల్లేదు. నెలాఖరున కటింగులు అంటించేటప్పుడు ఆ సవరణను కూడా కొలవాలా అని ఒక క్షణం ఆగాను. కొలవలేదు. ఆ నెల మొత్తం మీద నేను చూపిన నీతి అదొక్కటే.

వ్యవహారం అక్కడితో ముగిసి ఉంటే ఇదంతా రాసేవాణ్ని కాదేమో. ఆ ఏడాది జూన్ 1న ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి యాభై వేలు. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి మండలంలో ఎమ్మార్వో, ఎస్సై, వ్యవసాయాధికారి విచారణ చేసి పైకి పంపాలి, ఆపైన ఆర్డీవో స్థాయిలో కమిటీ. మనిషి చనిపోయాడన్నది ఒకటే చాలదు, రైతుగా చనిపోయాడని, సాగు అప్పుల వల్లే చనిపోయాడని కాగితాలు చెప్పాలి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, పాసుపుస్తకం, అప్పు పత్రాలు, ఇట్లా ఓ కట్ట. అందులో పేపర్ కటింగ్ కూడా చేర్చి పెట్టేవాళ్లు.

ఎఫ్ఐఆర్ సంగతి చెప్పాలి. అనుమానాస్పద మృతి కింద, అప్పటి సీఆర్పీసీ 174 కేసు కట్టేటప్పుడు స్టేషన్ రైటర్ అడిగే ప్రశ్నలకు ఇంటివాళ్లు భయంతో ఏదో ఒకటి అనేవాళ్లు. కడుపునొప్పి తాళలేక అని రాసేస్తే అందరికీ తేలిక. ఆ రోజుల్లో జిల్లాలో కడుపునొప్పితో ఎంతమంది చచ్చారో లెక్క తీస్తే వైద్యులు బెంబేలెత్తేవాళ్లు. మేం విలేకరులం కూడా స్టేషన్‌కు ఫోన్ చేసి, రైటర్ చదివింది రాసుకుని, పోలీసుల కథనం ప్రకారం అని మొదట్లో తగిలించి చేతులు దులుపుకునేవాళ్లం. ఆ మాట రాశామంటే బాధ్యత మనది కాదన్న ధీమా.

ఇప్పుడు ఒక మనిషి చావుకు మూడు కారణాలయ్యాయి. స్టేషన్ కాగితంలో కడుపునొప్పి. నా పత్రికలో మద్యం. పాలిథిన్ సంచిలో అప్పు.

విచారణ రోజు నేను ఎమ్మార్వో ఆఫీసు వరండాలో ఉన్నాను. వార్త కోసం కాదు, ఇంట్లో ఉండలేక. లోపల గుమాస్తా కటింగు విప్పి చదివి "పేపర్లనే వచ్చింది గదమ్మా, తాగుతడని" అన్నాడు. ఆమె ఏమందో వినబడలేదు. తర్వాత పాసుపుస్తకం తీశారు. ఫోటో ఉండాల్సిన చోట చతురస్రం ఖాళీ, ఒక అంచున ఊదారంగు అర్ధచంద్రం. "దీని మీద ఫోటో ఏది? ముద్ర సగమే ఉంది. ఇది ఎవరి పాసుబుక్కు?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి వరండాలో, స్తంభం చాటున నిలబడి ఉన్నాడు.

లోపలికి పోయాను. పోకుండా ఉంటే బతకలేనని కాదు, నిజం చెప్పాలంటే, మరిది నన్ను చూసేశాడు. సవరణ కటింగు ఇచ్చి, జరిగింది కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఎమ్మార్వో గారు చదివి, ట్యాగు కింద గుచ్చి, "ఫోటో తెచ్చి ఇవ్వండి" అన్నారు. మందలించలేదు. మండల స్థాయి రిపోర్టులో ఏం రాశారో నాకు తెలియదు. ఫైలు ఆర్డీవో ఆఫీసు నుంచి తిరిగొచ్చింది.

ఫోటో కోసం జిల్లా ఆఫీసుకు పోయాను. రాత్రి ఎనిమిదింటికి డెస్కు హడావుడిలో ఉంది. ఆఫీస్ బాయ్ కింది సొరుగులోంచి ఒక బిస్కెట్ డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. మూత తీస్తే అంచుల దాకా పాస్‌పోర్టు ఫోటోలు. ఎన్నో చెప్పలేను. రెండు చేతుల్లో పట్టవు. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లలవి, సన్మానాలవి కొన్ని ఉన్నాయి గానీ, ఎక్కువ భాగం మావి. అంటే మేం పంపిన చావులవి. బల్ల మీద కుమ్మరించి ఒక్కొక్కటీ తిప్పి చూశాను. కొన్నింటి వెనక పేరుంది, చాలావాటికి లేదు. ఊదా ముద్ర అర్ధచంద్రం ఉన్నవి ఒక పక్కకు వేయడం మొదలుపెట్టాను. కుడి మూల, ఎడమ మూల, గడ్డం మీదుగా, ఒకాయనకు సరిగ్గా నుదుటి మీద. ఆ కుప్పే పెద్దదైంది.

నేను పంపిన ఫోటో వెనక నేను పేరు రాయలేదు. కవరు మీద రాశాను, కవరు ఎప్పుడో చెత్తలోకి పోయింది. మూడు ఫోటోలు చేతిలో మిగిలాయి. ముగ్గురికీ మీసాలు, ముగ్గురికీ తెల్లచొక్కా, ముగ్గురూ కెమెరాను చూసి బిగుసుకుపోయారు. ఇందులో ఎవరు? ఆయన్ని నేను బతికుండగా ఎన్నడూ చూడలేదు. ఫోటో ఊడదీసేటప్పుడు కూడా మూలలే చూశాను.

"పారేయబుద్ధి గాక దీంట్ల ఏస్తున్నమన్నా" అన్నాడు ఆఫీస్ బాయ్.

ముగ్గురినీ తీసుకుపోయి ఆమెకు చూపించి, మీ ఆయన ఎవరమ్మా అని అడిగే ధైర్యం లేక మూడూ డబ్బాలో వేసి వచ్చాను.

ఆ తర్వాత ఫోటో ఎక్కడా ఊడదీయలేదు. స్టూడియో కుర్రవాణ్ని వెంట తీసుకుపోయి అక్కడికక్కడే కాపీ ఫోటో తీయించేవాణ్ని. ఖర్చు నాది. గొప్పలకు చెప్పడం లేదు, ఇంకో మూడేళ్లకు డిజిటల్ కెమెరాలు వచ్చి ఆ బాధే పోయింది. మాలో మార్పు యంత్రాల వల్ల వచ్చింది ఎక్కువ, మనసు వల్ల వచ్చింది తక్కువ.

పక్కదారే గానీ, ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అత్యాచార బాధితురాలి పేరు రాయకూడదన్న చట్టం, అప్పటి ఐపీసీ 228ఎ, 1983 నుంచే ఉండేది. మాకు తెలుసు కూడా. పేరు రాసేవాళ్లం కాదు. ఊరు రాసేవాళ్లం, తండ్రి ఏం పని చేస్తాడో రాసేవాళ్లం, ఏ కాలేజీలో ఏ సంవత్సరమో రాసేవాళ్లం. హైదరాబాద్ పేజీలో అది సరిపోతుందేమో. మా మినీ పేజీ చదివేది మా మండలమే. ఆ మూడు వివరాలు చాలు, బస్సు దిగేలోపు పిల్ల ఎవరో తెలిసిపోతుంది. ఒకసారి ఒక అమ్మాయి అట్లాంటి వార్త తర్వాత కాలేజీ మానేసింది. కేసు నడిచింది, శిక్షా పడింది. ఆ వార్తా నేనే రాశాను, మళ్లీ ఊరు పేరుతో సహా.

డెస్కు మార్చిన హెడ్డింగు కథ నేను చాలాచోట్ల చెప్పాను. యూనియన్ సమావేశాల్లో, ప్రెస్ క్లబ్బులో, కొత్తగా చేరిన కుర్రవాళ్లకు. మందు అనే మాట దగ్గర అందరూ అయ్యో అంటారు. బాగా పండే కథ. చిట్టీల సంగతి ఎక్కడా చెప్పలేదు.

ఆ వారంలోనే, చావుకు ముందు రోజు, నేను ఎరువుల దుకాణంలో కూర్చుని ఉన్నాను. ఆగస్టు పదిహేను శుభాకాంక్షల ప్రకటన కోసం. పండక్కి, వార్షికోత్సవానికి మండలానికి ఇంతని జిల్లా ఆఫీసు లెక్క పంపేది. విలేకరి తన మండలంలో తిరిగి తేవాలి. ఎవరిస్తారు? సర్పంచులు, రైస్ మిల్లు, వైన్ షాపు, ఎరువుల దుకాణం. మా మండలంలో అందరికంటే ముందు ఇచ్చేది ఆ సేటు. బతిమాలించుకోడు, చాయ్ తెప్పిస్తాడు, డబ్బు చేతిలో పెడతాడు. దాని మీద నాకొచ్చే కమీషన్ నా సెంటీమీటర్ల కంటే ఎక్కువ. ఆయన ఏనాడూ నా పేరు రాయకు తమ్మీ అనలేదు. అనాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

నా పుస్తకంలో అరవై ఎనిమిది వేలు అన్న అంకె ఉంది, దుకాణం పేరుంది, మిత్తి రేటుంది. ఫ్యాక్సు కాగితం మీద అప్పుల బాధ అని మాత్రమే రాశాను. చోటు లేకనా? ఎవరి దగ్గర అప్పు అన్న ముక్కకు చోటు లేకపోయింది, సరే. నెల తర్వాత ఆ కుటుంబం మీద అర కాలమ్ రాశాను. పశ్చాత్తాపంతోనే రాశాను, దానికి చోటు బాగానే దొరికింది. అందులో ప్రైవేటు వడ్డీ వ్యాపారులు అని రాశాను. మా మండలంలో ఆ పేరుతో ఎవరూ లేరు. రశీదు లేకుండా మందులమ్మి దాని మీద నెలకు మూడు రూపాయల మిత్తి కట్టించుకునే మనిషి ఉన్నాడు, ఆయనకో బోర్డుంది, బోర్డు మీద పేరుంది. ఆయన మాట కూడా తీసుకుని, చిట్టీలు చూపించి, వ్యవసాయాధికారిని అడిగి రాయొచ్చు. అది ఒక వార్త. నేను రాసి ఉండాల్సిన ఒకే ఒక్క వార్త అదేమో కూడా. మందుకు మద్యం అని వేసిన కుర్రవాడు తెలియక వేశాడు. నేను తెలిసే రాయలేదు.

రెండో విచారణలో కుటుంబానికి సాయం మంజూరైంది. అప్పటికి రెండేళ్లు దాటింది. అప్పుల పరిష్కారం యాభై వేల దగ్గర ఎవరెవరు కూర్చున్నారో, ఎవరికెంత పోయిందో నాకు తెలుసు. అదీ రాయలేదు.

2009 ఎన్నికల నాటికి ప్రకటనకూ వార్తకూ మధ్య ఉన్న ఆ పలచటి గీత కూడా చెరిగిపోయింది. ప్యాకేజీ అన్న మాట అప్పుడే మా నోళ్లకు అలవాటైంది. అభ్యర్థి పంపిన మాటర్‌నే నా మండలం పేరుతో వార్తగా పంపాను. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులకూ జనం బ్రహ్మరథం పట్టారు. ప్రెస్ కౌన్సిల్ ఈ పెయిడ్ న్యూస్ మీద ఇద్దరితో ఉపసంఘం వేసింది, పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్లు 2010లో ఇచ్చిన నివేదికను కౌన్సిల్ మొదట పూర్తిగా బయటపెట్టలేదు, కుదించి పెట్టింది. మరుసటేడు సమాచార కమిషన్ చెబితే మొత్తం బయటికొచ్చింది. అప్పటికి నేను మానేసే ప్రయత్నంలో ఉన్నాను. అది చదివి మానేశానని చెప్పను. పిల్ల ఇంటర్‌కు వచ్చింది, ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు పని దొరికింది.

ఈమధ్య ఒక కుర్ర విలేకరి తన ఫోన్‌లో ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇచ్చిన ఆత్మహత్య వార్తల మార్గదర్శకాలు చూపించాడు. ఎట్లా చనిపోయారో వివరించొద్దు, చోటు చెప్పొద్దు, ఫోటో వేయొద్దు. మేం ఇంటింటికీ తిరిగి అడిగినవన్నీ వరసగా అక్కడున్నాయి, ముందు వద్దు అని పెట్టి. సరైన మాటలే, చదివినవాడు ఇంకొకడు అదే దారి పట్టకుండా పెట్టినవి. కానీ ఆ ఇంటికి ఆ రోజు కావలసింది ఏ మందో, ఎందుకో పేపర్లో సరిగ్గా రావడం. మందు పేరు లేకుండా, దాన్ని అప్పుకు అమ్మినవాడి పేరుతో ఆ వార్త ఎట్లా రాయాలో నాకిప్పటికీ తేలలేదు. కుర్రవాడికి అదే చెప్పాను. "మీ టైములో ఇవన్నీ లేవు కద సార్" అన్నాడు, నన్ను బయటపడేయడానికి.

2013 మే నెల. ప్రైవేటు బడి పంతుళ్లకు ఎండాకాలం సెలవుండదు, అడ్మిషన్ల కోసం ఊళ్ల మీద పడాలి. ఒక్కొక్కరికి నాలుగు ఊళ్లు పంచారు, నా వాటాలో ఆ ఊరు వచ్చింది. మార్చుకోవచ్చు, మార్చుకోలేదు. ఇల్లు గుర్తు పట్టలేదు, మట్టి గోడ పోయి ఇటుక గోడ వచ్చింది. గడపలో నిలబడి బడి పేరు చెబుతుంటే ఆమే గుర్తుపట్టింది.

"పేపరు సారు గదా మీరు?"

కూర్చోమంది. గ్లాసుతో నీళ్లిచ్చింది. ఎదురుగా గోడకు ఫోటో, ప్లాస్టిక్ దండ. పెద్ద సైజు, చొక్కాకు నీలం రంగు వేశారు. దగ్గర్నుంచి చూస్తే ముఖమంతా చుక్కలు చుక్కలుగా ఉంది. పేపర్లో అచ్చయిన బొమ్మను పెద్దది చేస్తే అట్లా చుక్కలు లేస్తాయి.

"వేరే ఫోటో లేకుండె సారూ. మీ పేపర్ల వచ్చింది దాసిపెట్టి, నర్సంపేటల ఇచ్చి చేయించిండు మా మరిది."

స్టూడియోవాడు చుట్టూ కత్తిరించాడు గానీ కింద అంచున కొద్దిగా వదిలేశాడు. ఫ్రేముకు ఆనుకుని, చొక్కా గుండీ కింద, వరసగా నల్లటి చిన్న టిక్కులు. హెడ్డింగు అక్షరాల తలకట్లు. అక్షరాలు లేవు, తలకట్లే ఉన్నాయి. తెలియనివాళ్లు డిజైన్ అనుకుంటారు.

"చిన్నది అయిదుకొచ్చింది సారూ. మీ బళ్లె ఏస్తే ఫీజు ఎంత?"

ఫోటో వైపు వీపు పెట్టి, సంచిలోంచి ఫీజుల కాగితం తీశాను.